తలుపేస్తే.. గుండెదడ!

వీధికుక్కను చేరదీసిన చాల్ కుటుంబాలకు అసలు పరీక్ష ఇంటికి తాళం వేశాకే
ఓపిక పడితే కుక్కా దక్కుతుంది.. పక్కింటి పొత్తూ దక్కుతుంది

ముంబయి, కామాటిపుర: పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గది. నాలుగు గోడల్లో రెండు పక్కింటివాళ్లవి కూడా. ఇవతల కుక్కర్ ఎన్ని కూతలు పెట్టిందో అవతలివాళ్లు లెక్క చెప్పగలరు. అలాంటి చోట తాళం వేసిన తలుపు వెనక ఓ కుక్క పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆపకుండా మొరిగితే..?

కామాటిపురలోనే కాదు, ముంబయిలో మనవాళ్లుండే ఏ చాల్‌లోనైనా ఇది గొడవకు దారితీసే సంగతే. వానాకాలంలో తడిసి మెట్ల కింద దూరిన కుక్కను పిల్లలు జాలిపడి ఇంట్లోకి తెస్తారు. నాలుగు రోజులు ముద్దు. ఐదో రోజు పెద్దవాళ్లు పనికి, పిల్లలు బడికి వెళ్లిపోతారు. సాయంత్రం వచ్చేసరికి గుమ్మంలో పంచాయితీ.

‘ఏం లొల్లి అక్కా ఇది? రాత్రి డ్యూటీ చేసొచ్చి పండుకుంటే కన్ను మూతపడనిస్తలేదు మీ కుక్క’ అని పక్కింటావిడ. ‘మేమున్నప్పుడు కిక్కురుమనదు వదినా, ఎందుకు మొరుగుతది?’ అని ఇంటావిడ. చిత్రమేమిటంటే, ఇలాంటి తగువులో ఇద్దరూ చెప్పేది నిజమే. మనుషులుంటే మొరగదు. లేకపోతేనే మొరుగుతుంది. జబ్బు గుట్టంతా అక్కడే ఉంది.

చాలా ఇళ్లలో ఈ కథ రెండు రకాలుగా ముగుస్తుంది. కుక్క మళ్లీ రోడ్డున పడుతుంది. లేదంటే పాతికేళ్లుగా కూరాకు ఇచ్చిపుచ్చుకున్న రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోతాయి. కాస్త ఓపిక పడితే ఈ రెండూ లేకుండానే గట్టెక్కొచ్చు.

గల్లీ బిడ్డకు గది జైలే

కామాటిపుర పేరు వింటే బయటివాళ్లకు ఒకటే గుర్తొస్తుంది. కానీ ఈ పేట పుట్టింది కూలి చేతుల మీద. 1780ల్లో వర్లీ దగ్గర సముద్రపు గండి పూడ్చాక తేలిన నేలలో, బొంబాయి కట్టడాల్లో రాళ్లు మోయడానికి తెలుగు ప్రాంతాల నుంచి వచ్చిన కామాటీలు గుడిసెలు వేసుకున్నారు. వాళ్ల పేరే పేటకు నిలిచింది. అంకెలతో పిలిచే గల్లీలు, వాటి వెంట పాత చాళ్లు, గదుల ముందు పొడవునా సాగే వరండా.. ఇక్కడివాళ్ల మాటలో ‘గ్యాలరీ’. అర్ధరాత్రి కూడా మనిషి అలికిడి ఉండే చోటు ఇది.

అలాంటి గల్లీలో పుట్టిన కుక్క జీవితంలో ఒక్క గంట కూడా ఒంటరిగా ఉండి ఎరగదు. తోడుకు సాటి కుక్కలు, తిండికి చాయ్ దుకాణం, పడుకోవడానికి ఏదో ఒక మెట్టు. ఎటు పోవాలన్నా దారి ఖాళీ. దాన్ని తెచ్చి గదిలో పెట్టి, గొళ్లెం వేసి అందరూ వెళ్లిపోతే అది దానికి ‘ఇల్లు’ కాదు, జైలే.

పైగా మనిషికి అంటుకుపోవడం మన వీధికుక్కల గుణం. కోల్‌కతా ఐసర్ పరిశోధకులు 2017లో వెల్లడించిన అధ్యయనం ఇదే తేల్చింది. కొత్త మనిషి పదేపదే తిండి పెట్టినప్పటి కంటే, పదేపదే నిమిరినప్పుడే వీధికుక్కలు అతణ్ని ఎక్కువగా నమ్మాయి. అంత ప్రేమగా నిమిరిన చెయ్యి హఠాత్తుగా తలుపు అవతలకు పోతే, అది తిరిగొస్తుందని కుక్కకు ఎవరు చెప్పాలి?

మొండితనం కాదు.. భయం

దీన్ని పశువైద్యులు ‘సెపరేషన్ యాంగ్జైటీ’ అంటారు. ఎడబాటు భయం అనుకోవచ్చు. ఇంట్లోవాళ్లు చెప్పులు వేసుకుంటుంటేనే కుక్క వెనకాలే తిరుగుతుంది. రొప్పుతుంది, చొంగ కారుస్తుంది. తలుపు పడగానే మొరుగుడు, ఊళ. గడపను, తలుపు అంచును గీరుతుంది, కొరుకుతుంది. గోళ్లు విరిగి రక్తం కారినా ఆగదు. బయట అలవాటైన కుక్క కూడా ఇంట్లోనే ఒకటీ రెండూ చేసేస్తుంది.

‘మేం వదిలేసి పోయామని పగబట్టి చేసింది’ అనుకుంటారు చాలామంది. అది పగ కాదు. ఊపిరాడని మనిషి తలుపు బాదినట్టే ఇదీ. సాయంత్రం వచ్చి కొడితే, ఎందుకు కొట్టారో దానికి అర్థం కాదు. ‘వీళ్లు పోయినా భయమే, వచ్చినా భయమే’ అన్నది మాత్రం అర్థమవుతుంది. మర్నాడు ఇంకాస్త గట్టిగా మొరుగుతుంది.

ముందు తేల్చుకోండి.. ఏ మొరుగుడో

అన్ని మొరుగుళ్లూ ఎడబాటువి కావు. మందు వేసేముందు జబ్బు తెలియాలి. దీనికి పాత ఫోన్ ఒకటి చాలు. వీడియో ఆన్ చేసి, గది కనిపించేలా అల్మారా మీద పెట్టి బయటకు వెళ్లండి. గంట తర్వాత చూడండి.

* తలుపు పడిన అర గంటలోపే మొదలై, అటూ ఇటూ తిరుగుతూ తలుపు దగ్గరే గోల పెడితే.. ఎడబాటు భయమే కావొచ్చు.
* గ్యాలరీలో ఎవరో నడిచినప్పుడు మొరిగి, వాళ్లు పోగానే పడుకుంటే.. అది కాపలా.
* చాలాసేపు బాగానే ఉండి, తర్వాత చెప్పులు, పరుపు కొరుకుతూ మధ్యమధ్య అరిస్తే.. తోచక చేసే పని. వ్యాయామం చాలడం లేదన్నమాట.

ఇంకో పరీక్ష కూడా ఉంది. మీరు బయటకు వెళ్లి, పక్కింటి అవ్వనో అత్తనో కాసేపు గదిలో కూర్చోమనండి. అప్పుడు నోరెత్తకపోతే దాని భయం ఒంటరితనం గురించే. ఎవరున్నా సరే, మనిషి ఉంటే చాలు దానికి. చాల్‌లో ఉండేవాళ్లకు ఇది నిజంగా శుభవార్త.

వయసు మళ్లిన కుక్కకు, నొప్పితోనో మూత్రనాళ ఇన్ఫెక్షన్‌తోనో బాధపడే కుక్కకు కూడా ఇలాంటి లక్షణాలే కనిపించొచ్చు. అందుకే మొదట డాక్టరుకు చూపించాలి.

రెండు సెకన్లతో మొదలు

దీనికి వైద్యం ఒంటరితనాన్ని చిన్న చిన్న మోతాదుల్లో అలవాటు చేయడమే. పసిపిల్లకు అన్నం అలవాటు చేసినట్టు.. ముందు మెతుకు, తర్వాత ముద్ద.

* ఉత్తుత్తి ప్రయాణం: తాళంచెవి తీయండి, సంచి భుజాన వేసుకోండి, చెప్పులు తొడగండి. తర్వాత ఎక్కడికీ పోకుండా కూర్చుని చాయ్ తాగండి. రోజుకు పది సార్లు ఇలా చేస్తే, తాళంచెవి చప్పుడుకు కుక్క గుండె దడదడలాడటం తగ్గుతుంది.

* తలుపు ఆట: గ్యాలరీలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసి రెండు సెకన్లలో లోపలికి రండి. తర్వాత ఐదు, పది, ముప్ఫై సెకన్లు. అది మొరగక ముందే తిరిగి రావడం ముఖ్యం. మొరిగిందంటే మీరు తొందరపడ్డారని అర్థం. మళ్లీ వెనక్కి, చిన్న మోతాదుకు వెళ్లాలి.

* రోజూ ఒకే వరసలో పెంచుకుంటూ పోవద్దు. ఇరవై సెకన్ల తర్వాత ఐదు, తర్వాత ముప్ఫై.. ఇలా కలిపి చేయాలి. రోజుకు పదిహేను, ఇరవై నిమిషాల సాధన చాలు.

* గోల ఎక్కువగా ఉండేది మొదటి నలభై నిమిషాల్లోనే. అంతసేపు ప్రశాంతంగా ఉండగలిగితే గంట, రెండు గంటలకు పెంచడం అంత కష్టం కాదు. కానీ ఆ నలభై నిమిషాలు రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు.

* వెళ్లేటప్పుడు కౌగిలింతలు, వచ్చేటప్పుడు హడావిడి వద్దు. పాలప్యాకెట్ తేవడానికి వెళ్లొచ్చినంత మామూలుగా ఉండాలి.

* పనికి వెళ్లేముందు, గల్లీ రద్దీ కాకముందే అరగంట నడిపించాలి. వాసనలు చూడనివ్వాలి. అలసిన కుక్క తొందరగా పడుకుంటుంది.

* పాత తువ్వాలులో రొట్టెముక్కలు చుట్టి ఇస్తే విప్పుకొని తింటూ కాసేపు కాలక్షేపం చేస్తుంది. మీరు లేనప్పుడు దాన్ని ముట్టనే లేదంటే భయం ఇంకా తగ్గలేదని గుర్తు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, ఉడికించిన ఎముకలు మాత్రం పెట్టొద్దు.

* తలుపు సందు నుంచి గ్యాలరీ కనిపించకుండా తెర కట్టండి. కుక్క పక్కను గుమ్మానికి దూరంగా వేయండి. ఉమ్మడి గోడవైపు బొంత వేలాడదీస్తే చప్పుడు కొంతైనా తగ్గుతుంది. ఫ్యానో, రేడియోనో నడుస్తుంటే బయటి అలికిడికి ఉలిక్కిపడదు.

చాలే మందు

ఇక్కడొక చిక్కు. సాధన జరిగే వారాల్లో కుక్కను దాని ఓర్పుకు మించి ఒంటరిగా వదలకూడదు. ఉదయం రెండు నిమిషాలు నేర్పి, ఆపై ఎనిమిది గంటలు తాళం వేస్తే నేర్పిందంతా గంగపాలే. విదేశాల్లో అయితే దీనికోసం డబ్బులిచ్చి మనిషిని పెట్టుకుంటారు. చాల్‌లో ఆ అవసరం లేదు. ఏ వేళకైనా ఎవరో ఒకరు ఇంటిపట్టున ఉంటారు. బియ్యం ఏరుతూ ఒకరు, కుట్టుమిషన్ మీద ఒకరు, మనవడిని ఆడిస్తూ ఒకరు. ఏ గోడ పంచుకున్నందుకు తగువు వచ్చిందో, ఆ గోడే సాయం కూడా తెస్తుంది.

అయితే సాయం అడగడానికి ఒక వేళ ఉంటుంది. ఫిర్యాదు వచ్చాక వెళ్తే క్షమాపణ అవుతుంది. ముందే వెళ్తే మాట అవుతుంది. ‘వదినా, కుక్కను తెచ్చినం. ఒక్కతే ఉంటే భయపడుతది. నెలో రెండు నెలలో పడుతది మానడానికి. మీరు పండుకునే టైమేదో చెప్పండి, ఆ టైముకు ఎవరమో ఒకరం ఇంట్లనే ఉంటం’ అంటే కాదనేవాళ్లు తక్కువ. పనివేళలు అటూఇటూ మార్చుకోవడం, బడి నుంచి పిల్లలు వచ్చేదాకా ఒక ఇంట్లో, తర్వాత మరో ఇంట్లో ఉంచడం.. ఇవన్నీ ఖర్చు లేని పనులు.

పొరుగువాళ్ల వైపు నుంచీ ఆలోచించాలి. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషికి పగటి నిద్రే రాత్రి నిద్ర. పరీక్షలు రాసే పిల్లలుంటారు. చిన్నప్పుడు కుక్క కరిచి, ఇప్పటికీ వణికేవాళ్లుంటారు. నమాజుకు వెళ్లేవారు కుక్క చొంగ బట్టలకు తగలకుండా చూసుకుంటారు. ఉమ్మడి మరుగుదొడ్ల దగ్గర వరసలో నిలబడినవాళ్ల కాళ్ల మధ్యకు కుక్క దూరితే ఎవరికైనా చిరాకే. గొలుసు చేతిలో ఉండాలి. గ్యాలరీ మురికి చేస్తే వెంటనే కడగాలి. టీకా కార్డు అడగక ముందే చూపించాలి. సగం భయం రేబిస్ గురించే కాబట్టి, ఆ ఒక్క కాగితం వంద మాటల పెట్టు.

ఇవి చేయొద్దు

* మూతికి తాడు కట్టొద్దు. కుక్క ఒంటి వేడి పోయేది ప్రధానంగా రొప్పడం ద్వారానే. ఉక్కపోత గదిలో మూతి బిగిస్తే ప్రాణానికే ముప్పు.
* మొరిగితే షాకు కొట్టే పట్టీలు వద్దు. గొంతు ఆగుతుందేమో, భయం పెరుగుతుంది.
* ఇనుప బోనులో పెట్టి తాళం వేయొద్దు. బెదిరిన కుక్క ఊచలు కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటుంది.
* ‘తోడుంటుంది కదా’ అని రెండో కుక్కను తేవొద్దు. మనిషి కోసం ఏడ్చే కుక్కకు కుక్క తోడు చాలకపోవచ్చు. అప్పుడు రెండూ మొరుగుతాయి.
* మనుషుల నిద్రమాత్రలు వేయొద్దు. భయం తీవ్రంగా ఉంటే ఫ్లుయాక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటి మందులను పశువైద్యులే రాస్తారు. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మందుతోపాటు తలుపు సాధన తప్పదు.

చట్టం రెండువైపులా ఉంది

కుక్కను పెంచుకోవద్దని సొసైటీలు నిషేధం పెట్టడం చెల్లదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొరగడం కుక్క సహజగుణమని అందులోనే ఉంది. అదే నోటితో.. ఆగకుండా మొరిగితే పొరుగువారికి ఇబ్బంది కాబట్టి, ముఖ్యంగా రాత్రివేళ అదుపులో ఉంచుకోవాలని యజమానులకూ చెప్పింది. అంటే హక్కూ ఉంది, బాధ్యతా ఉంది.

1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పదకొండో సెక్షన్ ప్రకారం, ఎప్పుడూ కట్టేసి లేదా ఇరుకులో బంధించి ఉంచే కుక్కను బయట తిప్పకపోవడం నేరం. ఆకలిదప్పులతో అలమటించేలా వదిలేయడమూ నేరమే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే అయినా నేరం నేరమే. ఇక విసుగెత్తి విషం పెట్టాలని చూసేవారికి శిక్ష అంత తేలిక కాదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు.

కుక్క యజమాని చేతిలోనూ కాగితాలుండాలి. ముంబయిలో పెంపుడు కుక్కకు బీఎంసీ లైసెన్సు తప్పనిసరి. దానికి రేబిస్ టీకా వేయించిన పత్రం కావాలి. గల్లీ నుంచి తెచ్చినదైనా ఇంట్లోకి వచ్చాక అది పెంపుడు కుక్కే.

ఈ ఊరికి కుక్కల తగువు కొత్త కాదు

వీధికుక్కల విషయంలో బొంబాయి రెండు శతాబ్దాల నాడే రోడ్డెక్కింది. కుక్కలను చంపితే బహుమతి ఇస్తామని నాటి ప్రభుత్వం ప్రకటించడంతో 1832 జూన్‌లో పార్సీలు తిరగబడ్డారు. దుకాణాలు మూతపడ్డాయి, అల్లర్లు జరిగాయి. 1874లో ఇక్కడ జంతు హింస నిరోధక సంఘం ఏర్పడింది. ఆ సంఘం నడిపే బాయి సకర్‌బాయి దిన్‌షా పెటిట్ జంతువుల ఆసుపత్రి పరేల్‌లో ఇప్పటికీ ఉంది. కామాటిపుర నుంచి బస్సులో వెళ్లొచ్చేంత దూరం. డాక్టరుకు చూపించాలంటే వేలు పోయాల్సిన పనిలేదు.

చంపడం బదులు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలన్న నిబంధనలు దేశవ్యాప్తంగా 2001లో వచ్చాయి. వాటి స్థానంలో 2023లో కొత్తవి అమల్లోకి వచ్చాయి. చెవి కొస కత్తిరించి ఉన్న కుక్క కనిపిస్తే, దానికి ఆపరేషన్ అయిందని గుర్తు.

ఊరికి వెళ్లేటప్పుడు..

ఎండాకాలం సెలవులొస్తే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో నిజామాబాద్ వైపు బయల్దేరే కుటుంబాలెన్నో. అప్పుడు కుక్క సంగతేంటి? రైల్లో తీసుకెళ్లాలంటే ఏసీ ఫస్ట్‌క్లాస్‌లో కూపే మొత్తం మనదై ఉండాలి. లేదంటే గార్డు బోగీలోని డాగ్ బాక్స్‌లో ఎక్కించాలి. మొదటిది ఖరీదు. రెండోది ఎడబాటు భయమున్న కుక్కకు నరకం. కాబట్టి పదిహేను రోజుల ముందే పొరుగింట్లో అలవాటు చేయడం మేలు. మొదట గంట, తర్వాత పూట, తర్వాత ఓ రాత్రి. మీ వాసన ఉన్న పాత చీరో దుప్పటో వెంట ఇవ్వాలి. తిరిగొచ్చాక పాత పాఠం మళ్లీ మొదటి నుంచి కొంత చదివించాల్సి రావొచ్చు.

వినాయక నిమజ్జనం డప్పులకు, దీపావళి టపాసులకు బెదిరే కుక్కలను ఆ రాత్రుల్లో అసలే ఒంటరిగా వదలొద్దు. ఒక్క రాత్రి భయం నెల సాధనను వెనక్కి లాగుతుంది.

చాల్ పోయి టవర్ వస్తే?

ఈ సమస్య ముందుముందు పెరిగేదే. సుమారు 34 ఎకరాల్లో కామాటిపుర పునరభివృద్ధికి మ్హాడా 2025లో టెండర్లు పిలిచింది. వర్లీ బీడీడీ చాళ్లలో అయితే 2025 ఆగస్టులోనే 556 కుటుంబాలకు కొత్త ఫ్లాట్ల తాళాలు అందాయి. 160 చదరపు అడుగుల గది నుంచి 500 చదరపు అడుగుల ఇంటికి మారారు. మనిషికి అది ఎన్నేళ్ల కలో చెప్పనక్కర్లేదు. సొంత మరుగుదొడ్డి, సొంత వంటిల్లు, లిఫ్టు.

కుక్క లెక్క వేరు. గ్యాలరీ పోతుంది. తెరిచిన తలుపులు పోతాయి. పక్కింటి అవ్వ పదో అంతస్తుకు, మనం ఇరవయ్యో అంతస్తుకు చేరొచ్చు. చాల్‌లో నిశ్చింతగా ఉన్న కుక్కకు కూడా ఇల్లు మారితే ఎడబాటు భయం కొత్తగా మొదలవొచ్చు. మధ్యలో అద్దె ఇళ్లకు మారాల్సి వస్తే చెప్పనే అక్కర్లేదు. అక్కడ పొరుగువాళ్లు మనల్ని ఎరగనివాళ్లు. మాట పోయి ఫిర్యాదే ముందొస్తుంది.

అందుకే కుక్క ఉన్న ఇళ్లు తలుపు పాఠం ఇప్పుడే, నలుగురు తోడున్న చోటే నేర్పించుకోవడం మంచిది. ఇల్లు మారిన మొదటి వారం ఎవరో ఒకరు సెలవు పెట్టి దానితో ఉండాలి. కొత్త పొరుగింటి తలుపు కూడా సామాన్లు దించిన రోజే తట్టి చెప్పాలి. రెండు సెకన్ల పాఠానికి కావలసింది పది అడుగుల గది, ఒక గొళ్లెం, తిరిగొస్తామన్న మాట నిలబెట్టుకునే మనిషి. అంతే.